కొండభాషలో ఒక తల్లి అడిగిన మాట

అబ్బాయి దగ్గర కొన్నాళ్లు ఉందామని సౌదీలోని అల్ ఖోబర్ వచ్చిన నన్ను మొన్న సాయంత్రం మనవరాలు, లాటిన్ నుంచి పుట్టిన భాషలేవో చెప్పమని అడిగింది. స్కూల్లో చెప్పిన ఫ్రెంచి, స్పానిష్, ఇటాలియన్, పోర్చుగీసు, రుమేనియన్ అని వేళ్లు మడిచి, "అంతేనా తాతయ్యా?" అంది. ఇంకా ఉన్నాయమ్మా అంటూనే నా పాత ఉద్యోగపు రోజుల్లోకి వెళ్లిపోయాను.

కాకినాడ నుంచి వచ్చి ఈ దేశంలోనే జిజాన్‌లో ఒక నిర్మాణ కంపెనీ ఆఫీసులో టైపిస్టుగా చేరిన తొలి రోజులవి. మా పెద్ద ఇంజనీరు ఇటలీ ఈశాన్యపు మూల నుంచి వచ్చినవాడు, ఇంట్లో మాట్లాడేది ఫ్రియులియన్. సర్వేయరుది స్విట్జర్లాండు కొండల్లో పల్లెటూరు, తల్లిభాష రొమాన్ష్. వీళ్లిద్దరి ప్రాంతాల నడుమ మరికొన్ని లోయల్లో లాదిన్ అనేది ఉందట. మూడూ లాటిన్ నుంచి పుట్టినవే గాని, మూడూ ఒకే కొమ్మవని కొందరు పండితులు, కాదు పొమ్మని మరికొందరు వాదించుకుంటారని ఇంజనీరు నవ్వుతూ చెప్పేవాడు. మనవాళ్లు తెలుగు, తమిళం, కన్నడం అని ఊరుకుని గోండినీ కొలామీనీ మరచిపోయినట్టే అక్కడా వీటిని ఎవరూ తలవరని నాకు అర్థమైంది.

టీ వేళ వాళ్లిద్దరూ ఇంగ్లీషు పక్కనపెట్టి, ఎవరి భాషలో వాళ్లు మెల్లగా మాట్లాడుకునేవారు. తాళంచెవిని ఇటాలియన్‌లో కియావె అంటారు గాని తమ ఇద్దరికీ అది క్లాఫేనని తెలిసిన రోజున, సంతలో తప్పిపోయిన అన్నదమ్ములు కలిసినంత సంబరపడ్డారు. సర్వేయరుకు తల్లి ఒక్కతే. ఊళ్లో కుర్రవాళ్లంతా జర్మన్ మాట్లాడే పట్నాలకు దిగిపోతున్నారని, అమ్మకు మాటల తోడు తగ్గిపోతోందని బెంగపడేవాడు.

ఆ వేసవిలో ఒకనాడు, తోడు వెళ్లవలసిన సహాయకుడికి జ్వరం రావడంతో, సర్వేయరు ఒంటరిగా జీపు తీసుకుని ఎడారిలోకి వెళ్లాడు. రాత్రికి తిరిగి రాలేదు. మర్నాడు వెతకబోయిన మా కడప డ్రైవరు, ఇసుకలో దిగబడిన జీపునూ, దానికి కొంత దూరంలో అతన్నీ చూశాడు. ఆఫీసు గుమ్మంలో కూలబడి, "క్యాన్లో చుక్క నీళ్లు గూడా ల్యావన్నా" అని నాతో అంటూ ఆ పెద్దమనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఎంబసీవాళ్లు చెబుతారులే అని మేనేజరు అన్నా ఇంజనీరు ఒప్పుకోలేదు. సర్వేయరు తల్లికి తానే ఫోన్ చేశాడు, నన్ను పక్కన నిలబడమన్నాడు. ఆవిడకు జర్మన్ వచ్చని అందులోనే కబురు చెప్పాడట, కానీ అది విన్నాక ఆ భాష ఆవిడ నోటికి రాలేదు. తన కొండభాషలో ఏదో ఒక్క మాటే పదే పదే అడుగుతోంది. ఇంజనీరు తన భాషలో, పసిపిల్లకు చెప్పినట్టు ఒక్కొక్క మాటా విడదీసి ఏదో చెప్పి ఫోన్ పెట్టేశాడు.

ఏమడిగిందని అడిగాను.

"దాహంతో పోయాడా అని. ఆ మాట మాకూ దాదాపు అదే. అర్థం కాకపోయుంటే బాగుండేది."

"మీరేం చెప్పారు?"

"నీళ్లు ఉన్నాయమ్మా అన్నాను. నేనన్నది ఆవిడకు అర్థమైందో లేదో తెలియదు."

పెట్టె విమానం ఎక్కేదాకా ఆయన ఆసుపత్రి శవాగారం దగ్గరే ఉన్నాడు. మూత వేసేముందు వంగి, స్నేహితుడి చెవి దగ్గర తన భాషలో చాలాసేపు మాట్లాడాడు. అక్కడ నిలబడ్డ మాలో ఎవరికీ ఒక్క ముక్క తెలియలేదు గాని ఎవరమూ తల ఎత్తలేకపోయాం. తర్వాత టీ వేళ ఆయన గదిలోంచి బయటికి రావడం మానేశాడు. ఆ ఏడాది చివర పాస్‌పోర్టులో ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని దేశం వదిలి వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఆ ఎడారిలో రోడ్లు పడ్డాయి, జేబులో ఫోన్లున్నాయి, మావాడి ఆఫీసు కుర్రవాళ్లు రోజూ తల్లుల ముఖాలు చూసి మాట్లాడుకుంటున్నారు. చల్లగా ఉండాలి వాళ్లు. మా రోజుల్లో ఫోన్ పెట్టేస్తే అవతలి మనిషి ఏమైందో తెలిసేది కాదు. ఆ మధ్యాహ్నం రిసీవరు పెట్టాక ఆవిడ ఎవరింటికి వెళ్లిందో, తన మాటల్లో చెప్పుకుని ఏడవడానికి ఆ ఊళ్లో ఎవరైనా మిగిలి ఉన్నారో లేదో, ఈ వయసులోనూ ఆలోచిస్తూనే ఉంటాను.