ఏడిపించే ఉద్యోగం

మూకీల రోజుల్లో సెట్టు ఎప్పుడూ సంతలా ఉండేది. మేకులు కొట్టేవాళ్లు కొడుతూనే ఉండేవారు, డైరెక్టరు అరుస్తూనే ఉండేవాడు, ఆ గోలలోనే నేను ఫిడేలు వాయించేవాణ్ణి. నటులకు ఏడుపు తెప్పించడం నా ఉద్యోగం. పన్నెండేళ్లు హీరో ఆల్డెన్ క్రోసెట్‌ను ఏడిపించాను. నేను కమాను ఎత్తితే చాలు, ఆయన కళ్లు నిండేవి. ఆ కళ్ల కోసం ఎక్కడో అయోవా పల్లెల్లో ఆడవాళ్లు రెండోసారి టిక్కెట్టు కొనేవారు.

టాకీలు రాగానే నాలాంటివాళ్లను ముందు ఇంటికి పంపేశారు. సెట్టు మీద ఇక ఎవరూ దగ్గను కూడా దగ్గకూడదట. ఆల్డెన్‌కు మాత్రం ఒక పరీక్ష పెట్టారు. సీనులో, యుద్ధంలో పోయిన కొడుకు రాసిన ఉత్తరం చదివి ఏడవాలి. కుదిరితే కాంట్రాక్టు మరో మూడేళ్లు, లేకపోతే అంతే సంగతులు. మాటల గురించి ఆయనకు బెంగ లేదు. నాటకాల్లో పెరిగిన మనిషి, గొంతు ఖంగుమనేది. బెంగంతా ఏడుపు గురించే.

ముందురోజు నా గదికొచ్చి కూర్చున్నాడు. కాఫీ ఇస్తే ముట్టలేదు.

"ఓటో, రేపు నువ్వొచ్చి నాకు కనబడేలా నిలబడు. కమాను తీగలకు తగలకుండా ఊరికే ఆడించు. చూస్తే చాలు, నాకు ఏడుపొచ్చేస్తుంది."

"నీకేమన్నా పిచ్చా? నన్ను గేటు దాటనిస్తారా?"

"నా బట్టలు చూసేవాడివని చెబుతాలే."

ఫిడేలు కోటు కింద దాచుకుని వెళ్లాను. దీపాల స్తంభం వెనక, డైరెక్టరుకు కనబడకుండా నిలబడ్డాను. తలుపులు మూసి, రికార్డింగు మొదలైందని ఎర్ర దీపం వెలిగించారు. అంత నిశ్శబ్దం సెట్టు మీద నేనెన్నడూ ఎరగను. ఆల్డెన్ ఉత్తరం చదివాడు. ఒక్క మాట తడబడలేదు. నేను గాలిలో కమాను ఆడించాను. ఆయన చూపు నా చేతి మీద పడింది, కళ్లు నిండాయి, చుక్క జారింది. అంత బాగా ఆయన ఏనాడూ ఏడవలేదు. చూస్తూ నన్ను నేనే మరిచిపోయాను. కన్నీళ్లు మొదలవగానే కమాను గట్టిగా నొక్కడం నాకు పన్నెండేళ్ల అలవాటు. చెయ్యి దిగింది, తీగ మోగింది.

"ఎవడ్రా అది?" అన్నాడు డైరెక్టరు.

ఆల్డెన్ కన్నీళ్లు తుడుచుకోకుండానే అడ్డమొచ్చాడు. "ఆయన రానంటే నేనే లాక్కొచ్చాను. ఆయన్నేమీ అనకండి."

నన్ను బయటికి పంపి మరో ఐదుసార్లు తీశారట. ఆయన కన్ను తడవలేదు.

ఆయన తప్పు నెత్తిన వేసుకోబట్టే నా పేరు చెడలేదు. ఏడాది తిరక్కుండా అదే స్టూడియో నన్ను వాద్యబృందంలోకి తీసుకుంది. ఆల్డెన్ అక్కడే గుంపులో నిలబడే వేషాలు వేసేవాడు, ఎక్కువగా హోటల్లో భోంచేసేవాడిగా. మధ్యాహ్నం క్యాంటీనులో కొత్తవాళ్లు ఏమైందని అడిగితే, గొంతు పనికిరాలేదని నవ్వేసేవాడు. నేను పక్కనే కూర్చుని తలవంచుకుని తినేవాణ్ణి.

పోయిన వసంతంలో ఆయన పోయాడు. పత్రిక నుంచి ఒకావిడ ఫోన్ చేసి, గొంతు వల్లే దెబ్బతిన్నాడంటారు, నిజమేనా అని అడిగింది. నాకింకా అదే స్టూడియోలో ఉద్యోగం.

అవునమ్మా, గొంతే అన్నాను.