శనివారం పదిగంటల సైరన్

ఆ దీవిలో శనివారం పది గంటలకు సైరన్ కూస్తే ఎవరూ తల కూడా తిప్పరు. నిమిషం పాటు మోగే పరీక్ష అది. దాన్నిబట్టి గడియారాలు సరిచేసుకుంటారు, అంతే. కొండ మీది గదిలో పదకొండేళ్లుగా ఆ బటన్ నొక్కేది సెలూన్ ఆయన భార్య. ఊరంతా ఆమెను సైరనక్క అంటారు.

ఖర్మ కాకపోతే, ప్రమాదం కూడా శనివారమే రావాలా? పదికి ఐదు నిమిషాలుందనగా వైర్‌లెస్‌లో కబురొచ్చింది: సముద్రం అడుగున భూమి కదిలింది, ఇరవై ఐదు నిమిషాల్లో పెద్ద అల. ఫోన్లు అప్పటికే మూగబోయాయి. అక్క వెంటనే బటన్ నొక్కింది. కింద జనం ఏం చేశారనుకున్నారు? గడియారాలు ఐదు నిమిషాలు ముందుకు తిప్పుకున్నారు!

నిమిషం దాటింది. వేలు తీస్తే మోత ఆగుతుంది, ఆగితే పరీక్ష అయిపోయిందనుకుంటారు. ఆమె తీయలేదు. రెండు నిమిషాలు, ఐదు. ఊరికి ఒళ్లు మండింది. తిట్టడానికి సగం మంది కొండ మెట్లెక్కారు, తగువు చూడ్డానికి మిగతా సగం.

"చెవులు చిల్లులు పడుతున్నాయి, ఆపవే తల్లీ!" అని అరిచాడు పిండి చేతులతో రొట్టెల మామ.

"అల వస్తోంది మామా! ఎవరినీ దిగనివ్వకు!" అని అతని చెవిలో అరిచింది అక్క.

మామ మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఎవరో కిందికి వేలు చూపించారు. రేవు దగ్గర నీళ్లు వెనక్కి పోయి, పడవలు బురదలో ఒరిగి ఉన్నాయి.

అక్క గుంపంతా వెతికింది. మొగుడు లేడు. ఒక చెంపన నురగతో నిలబడ్డాయన గొంతు చించుకుని చెప్పాడు, "మీ ఆయనా? కత్తి తుడుచుకుంటున్నాడమ్మా."

తన మొగుడికి కోపం రాదు, తగువులంటే పడదు. పెళ్లయిన నాటి నుంచీ అది తన అదృష్టమని మురిసిపోయింది. ఇప్పుడు, దేవుడా, ఒక్కసారి ఆయనకు కోపం తెప్పించు అని మొక్కుకుంది. తను పరిగెత్తితే సైరన్ ఆగుతుంది. చివరి ఇళ్లవాళ్లు ఇంకా మెట్ల మీదే ఉన్నారు.

సముద్రం గోడలా లేచింది. సరిగ్గా అప్పుడే రొప్పుతూ గుంపులోంచి దూసుకొచ్చాడాయన, చేతిలో స్క్రూడ్రైవర్.

"బటన్ ఇరుక్కుందా?" చెవి దగ్గర అరిచాడు. "కబురు పెట్టొచ్చుగా, పిచ్చిదానా!"

కింద సెలూన్ నీళ్లలో కలిసిపోయింది. ఎడమచేత్తో ఆయన చొక్కా పట్టుకుని, ఏడుస్తూ, జన్మలో తిట్టనన్ని తిట్లు తిట్టిందామె. సైరన్ మోతలో ఆయనకు ఒక్క ముక్కా వినపడలేదు.