దుప్పటికి ఆ చివర కోటమ్మ

రాధారాణి మొట్టమొదట ఇస్త్రీ చేసింది పెట్టెతో కాదు, చెంబుతో. నిజాంపట్నంలో వాళ్ళింట్లో ఇస్త్రీ పెట్టె ఉండేది కాదు. ఎనిమిదో తరగతిలో ఉండగా జెండా పండగకు పాట పాడే పిల్లల్లో ఆమెను కూడా ఎంచారు. యూనిఫారం నలిగి ఉంటే వెనక వరుసలోకి పంపిస్తామని టీచరు ముందే చెప్పింది. దాంతో ఇత్తడి చెంబులో పొయ్యిలోని నిప్పులు పోసి, అంచును పట్టకారుతో బిగించి, చాప మీద పరిచిన స్కర్టు మీద అటూ ఇటూ రుద్దింది. మడతలు కత్తిలా వచ్చాయి. ఒకచోట మసి కూడా అంటింది. ఆ మసి మీద చెయ్యి పెట్టుకునే పాటంతా పాడింది, ముందు వరుసలో నిలబడి.

పదో తరగతి అయ్యాక తెనాలిలో పిన్ని ఇంటికి వెళ్ళింది. అక్కడ చొక్కాలు కుట్టే చిన్న ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. కుట్టు మిషను నేర్చుకుందామని వెళ్తే మిషన్లు ఖాళీ లేవని ఇస్త్రీ బల్ల దగ్గర నిలబెట్టారు. ఆ విభాగానికి పెద్ద బర్నబాస్. పొడుగ్గా, కొంచెం వంగి ఉండేవాడు. చిన్నప్పుడు బొగ్గుల పెట్టెతో మొదలుపెట్టినవాడు కాబట్టి భుజం ఒకటి కిందికి జారి ఉండేది.

"ఆ పెట్టె బరువంతా ఇక్కడే ఉండిపోయిందమ్మాయ్," అని ఆ భుజం చూపించి నవ్వేవాడు. "ఇప్పుడు మీకు బరువుతో పనేంటి? ఆవిరే అంతా చూసుకుంటది. నువ్వు దాని వెనకాల నడువు, చాలు."

అప్పుడు అక్కడ ఉన్నవి నీళ్ళ సీసా పెట్టెలు. పైన కొక్కేనికి సీసా వేలాడుతుంటే, దాన్నుంచి సన్నటి గొట్టం ఇస్త్రీ పెట్టెలోకి దిగేది. మీట నొక్కితే అడుగు నుంచి ఆవిరి బుస్సుమనేది. వరసగా పది బల్లలు, పది సీసాలు. మొదటిరోజు చూసి రాధారాణి ఇదేదో ఆసుపత్రి వార్డులా ఉందే అనుకుంది. కొన్నాళ్ళకు సీసాలు పోయి బాయిలరు వచ్చింది. ఒక మూల అది ఉడుకుతుంటే ఆవిరి గొట్టాల్లో ప్రతి బల్లకూ వెళ్ళేది. బల్లలూ మారాయి. కింద పెడల్ తొక్కితే బల్లే గాలి పీల్చుకుని బట్టను తనకేసి అతికించుకునేది.

"సార్, బల్ల చొక్కా లాగేసుకుంటోందండి!" అని రాధారాణి కంగారుపడింది.

"లాక్కోనీ తల్లీ. ఆ తడి లాగేస్తేనే మడత నిలబడేది. పచ్చిగా మడత పెట్టావంటే డబ్బాలోకెళ్ళి మళ్ళీ ముడుచుకుంటది."

నల్ల బట్ట మెరుపెక్కకుండా పెట్టె అడుగున తెల్లటి తొడుగు వేయడం, కాలరు చివర్ల నుంచి మధ్యకు రావడం, ప్యాంట్ల కోసం పెద్ద నోరులా తెరుచుకుని మూసుకునే ప్రెస్సు దగ్గర చేతులు ఎక్కడ పెట్టుకోవాలో, అన్నీ అక్కడే నేర్చుకుంది. ఎడమ ముంజేతి మీద ఆవిరి గొట్టం పెట్టిన మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ పని ఆమెకు బాగా నచ్చింది. నలిగి వచ్చింది నిటారుగా వెళ్తుంటే చూడటానికి హాయిగా ఉండేదని చెబుతుంది.

తరువాత సూర్యలంక సంబంధం వచ్చింది. పెళ్ళికొడుకు రవితేజ సముద్రంలో చేపల వేటకు వెళ్తాడు, పడవ ఇంజన్లు కూడా బాగుచేస్తాడు. నెమ్మదస్తుడు. వాళ్ళమ్మ కోటమ్మ మాత్రం బాపట్ల మార్కెట్‌లో చేపలమ్మే మనిషి. ఆవిడ గొంతు మార్కెట్ ఈ మూల లేస్తే ఆ మూల కొబ్బరికాయల కొట్టువాడు తలెత్తి చూస్తాడు.

కొత్త కోడలిని పక్కన కూర్చోబెట్టుకుని వ్యాపారం నేర్పాలని కోటమ్మకు ఉబలాటం. సగం గంప ఆమె ముందు పెట్టింది. రాధారాణి చందువా చేపలన్నిటినీ తలలు ఒకవైపు, తోకలు ఒకవైపు, చిన్నా పెద్దా వరసలో సర్దింది. సర్దిన వాటిని మళ్ళీ సరిచేసింది. ఈలోగా వచ్చినవాళ్ళు చూసి చూసి వెళ్ళిపోయారు. ఒకావిడ మాత్రం ఆగి, ఎంతకిస్తావని అడిగింది.

"మీ ఇష్టమండి," అంది రాధారాణి.

కోటమ్మ గంప తనవైపు లాక్కుంది. "మీ ఇష్టమేంటే? చేప మనదే! ఆవిడ ఇష్టమైతే ఊరికే పట్టుకెళ్తది!"

ఆ రోజుతో ఆ చదువు ముగిసింది. ఇక ఇంట్లో అత్తాకోడళ్ళు ఏకీభవించిన విషయం ఒక్కటీ లేదు. పులుసులో కారం దగ్గర గొడవ, దండెం మీద బట్టలు ఆరేసే తీరు దగ్గర గొడవ, టీవీ సౌండు దగ్గర గొడవ. రవితేజ వేటకు వెళ్ళే రోజుల్లో కాస్త ముందుగానే బయలుదేరేవాడు.

తీరంలో కొత్త రిసార్టు తెరిచినప్పుడు దాని లాండ్రీలో మనుషులు కావాలన్నారు. రాధారాణి వెళ్ళింది. కోటమ్మ మూతి ముడిచింది.

"ఎవరో పడుకున్న దుప్పట్లు నువ్వు ఇస్త్రీ చేయాలా?"

"ఎవరో తినే చేపలు నువ్వు అమ్మట్లేదా అత్తా?"

కోటమ్మ గంప ఎత్తుకుని మార్కెట్‌కు బయలుదేరింది.

రిసార్టు లాండ్రీలో చొక్కాలకు ఆవిరి పెట్టె, గాలి పీల్చే బల్ల ఉన్నాయి. అవి తెలిసినవే. కొత్తది దుప్పట్ల మిషను. మంచమంత వెడల్పు, అడ్డంగా లావుపాటి రోలరు, లోపల భగభగలాడే వేడి. కాస్త తడిగా ఉన్న దుప్పటిని ఇటునుంచి అందిస్తే రోలరు లోపలికి తీసుకుని, అటునుంచి పొడిగా, అప్పడంలా చదునుగా బయటికి పంపుతుంది. అయితే అందించడానికి ఇద్దరు కావాలి. ఒక చివర ఒకరు, రెండో చివర ఒకరు. ఇద్దరూ ఒకే బిగువుతో, ఒకేసారి వదలాలి. ఒకరు తొందరపడితే దుప్పటి ఏటవాలుగా వెళ్తుంది. ఒకసారి పడ్డ ముడత ఆ వేడికి అట్టలా బిగుసుకుపోతుంది.

రాధారాణికి జోడీగా దొరికింది కర్లపాలెం అమ్మాయి స్నేహలత. చర్చిలో పాడే గొంతు ఆమెది. మిషను రొదలో ఎవరికీ వినపడకపోయినా పెదాలు కదుపుతూనే ఉండేది. ఆ పెదాల కదలికను బట్టి రాధారాణి చేతులు వదిలేది. గుంటూరు, తెనాలి నుంచి శని, ఆదివారాలు వచ్చిన జనం వెళ్ళిపోయాక సోమవారం ఇసుకతో సహా దుప్పట్ల గుట్ట దిగేది. ఇద్దరూ దాన్ని మధ్యాహ్నానికి కరిగించేసేవారు.

స్నేహలత పురిటికి వెళ్ళింది. ఆమె స్థానంలో వచ్చిన ఒకమ్మాయి వేడికి తట్టుకోలేక మానేసింది. ఇంకొకరు రెండోరోజే కనపడలేదు. లాండ్రీ చూసే జగన్నాథరావు తల పట్టుకున్నాడు.

అదే రోజుల్లో కోటమ్మ మోకాళ్ళు మొరాయించాయి. గంప మోయడం ఇక కుదరదని డాక్టరు తేల్చేశాడు. ఆవిడ అరుగు మీద కూర్చుని దారిన పోయే కూరగాయల బండిని ఆపి, కొనేది లేకపోయినా బేరమాడేది. ఒక సాయంత్రం రాధారాణి ఇంటికి వచ్చేసరికి ఎవరో చేపల గంపతో వెళ్తుంటే కోటమ్మ ఆపి, వంజరం చేప నొక్కి చూసి, బాగుందని చెప్పి పంపేసి, చేతులు వాసన చూసుకుంటూ కూర్చుంది.

రాధారాణి చెప్పులు విడవకుండానే అడిగింది. "అత్తా, రేపు నాతో వస్తావా?"

"ఎక్కడికి?"

"దుప్పటికి ఆ చివర పట్టుకోడానికి."

"నించోలేనే."

"ఎత్తు స్టూలు వేయిస్తా."

అన్నం తింటున్న రవితేజకు పొలమారింది. "ఒక వంటింట్లో పట్టరు మీరిద్దరూ. ఒక మిషను మీదా?"

"నువ్వు తిను," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

మొదటిరోజు సరిగ్గా రవితేజ అనుకున్నట్టే జరిగింది. కోటమ్మ దుప్పటిని వలలా లాగింది. అది వంకరగా దూరి, చుట్టుకుని, లోపల ఇరుక్కుంది. మాడు వాసన రాగానే రాధారాణి ముందున్న ఎర్ర కడ్డీ నొక్కి మిషను ఆపింది.

"లాగొద్దు అత్తా! అందించాలంతే!"

"నువ్వు ముందే వదిలేశావు! నన్నంటావేంటి?"

జగన్నాథరావు పరుగెత్తుకొచ్చాడు. నల్లగా కమిలిన దుప్పటిని చూశాడు, కోటమ్మను చూశాడు. "అమ్మా, కొంచెం మెల్లగా..."

"మెల్లగానే ఉన్నా బాబూ. మీ మిషనే ఆత్రంగా ఉంది."

మళ్ళీ మొదలుపెట్టారు. కోటమ్మ అరుస్తూనే ఉంది. అయితే పక్కన బట్టలు పిండే యంత్రాలు, నెత్తిమీద పెద్ద ఫ్యాను, ఎదురుగా రోలరు. జీవితంలో మొదటిసారి కోటమ్మ గొంతు ఎవరికీ వినపడలేదు. ఇంకా గట్టిగా అరిచింది. రాధారాణి చెవి చూపించి తల అడ్డంగా ఊపింది. కోటమ్మ నోరు మూసుకుంది. ఇక చేసేదేమీ లేక కోడలి ముఖం వైపు చూసింది.

ఇన్నేళ్ళలో ఆవిడ ఆ ముఖాన్ని అంతసేపు చూసి ఉండదు. రాధారాణి కనుబొమ్మ ఎత్తితే పట్టుకోవాలి, దించితే వదలాలి. మధ్యాహ్నానికి అది కోటమ్మకు పట్టుబడింది. సాయంత్రానికి ఆవిడే కనుబొమ్మ ఎగరేసి, నీ వైపు వదులైంది చూసుకో అని హెచ్చరించింది. చూస్తే నిజంగానే వదులైంది.

వారం తిరిగేసరికి ఇంట్లోనూ అదే భాష. పులుసు దగ్గర కోటమ్మ ఒక కనుబొమ్మ ఎత్తేది, రాధారాణి తల ఊపి ఉప్పు డబ్బా అందించేది. "నాకు చెప్పండి, ఏం మాట్లాడుకుంటున్నారు?" అని రవితేజ గోల పెట్టేవాడు. ఇద్దరూ నవ్వేవారు. గొడవలు ఆగిపోలేదు. కాకపోతే వీధిలోకి వినిపించడం తగ్గింది.

ఒక రోజు రిసార్టులో రేపల్లె నుంచి పెళ్ళివారు దిగారు. పెళ్ళికూతురి పట్టుచీర సూట్‌కేసులో నలిగి ముద్దయిందని తల్లి ఏడుపు మొహంతో లాండ్రీకి తెచ్చింది. కోటమ్మ దాన్ని రోలరు వైపు తీసుకెళ్ళబోయింది.

"వద్దత్తా! ఆ వేడికి జరీ మాడిపోద్ది."

రాధారాణి చీరను తిరగేసి బల్ల మీద పరిచింది. పైన పల్చటి నూలుగుడ్డ వేసి, ఆవిరి పెట్టెను బట్టకు తగలకుండా, గాలిలో తేలుతున్నట్టు నడిపించింది. ఆవిరి దిగిన చోటల్లా ముడత మెల్లగా విడిపోయింది. పెడల్ తొక్కితే బల్ల ఆ తడిని పీల్చేసుకుంది. మిగిలిన యంత్రాలు భోజనాల వేళకు ఆగి ఉన్నాయి. గదిలో బుస్సుమనే ఆ ఒక్క చప్పుడే. కోటమ్మ స్టూలు జరుపుకుని దగ్గరికి వచ్చి కూర్చుంది.

పెళ్ళికూతురి తల్లి చీర గుండెకు హత్తుకుని వెళ్ళిపోయాక కోటమ్మ అడిగింది. "ఎవరు నేర్పారే నీకిదంతా?"

పెళ్ళయ్యాక అత్తగారు ఆమె పాత సంగతులు అడగడం అదే మొదలు. రాధారాణి తెనాలి గురించి, సీసాల గురించి, బర్నబాస్ భుజం గురించి చెప్పింది. మచ్చ చూపించింది. కోటమ్మ దాన్ని వేలితో తడిమింది.

"నా పెళ్ళిచీరకి ఇస్త్రీ ఎక్కడిది? మడతపెట్టి బొంత కింద పెట్టుకుని పడుకునేదాన్ని. పొద్దుటికి నున్నగా అయ్యేది."

"అదింకా ఉందా అత్తా?"

"ఎక్కడుంది! మీ ఆయన పుట్టినప్పుడు చింపి పొత్తిగుడ్డలు చేశా. ఆ చీరని నాశనం చేసింది వాడే."

ఇద్దరూ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. జగన్నాథరావు తలుపు దగ్గర నుంచి తొంగిచూసి, ఏమీ అర్థంకాక వెళ్ళిపోయాడు.

స్నేహలత పాపకు షారోన్ అని పేరు పెట్టింది. ఆరో నెల వచ్చాక పాపను తన తల్లి దగ్గర వదిలి మళ్ళీ పనిలో చేరింది. ఆ సంగతి తెలిసిన రోజు కోటమ్మ ఇంట్లో కనుబొమ్మ కూడా ఎత్తలేదు. మరునాడు పొద్దున్నే వంట చేసి, ఒక్కటే అన్నం డబ్బా కట్టి కోడలి చేతికిచ్చింది.

"రెండోదేది?" అంది రాధారాణి.

"ఆ పిల్ల వచ్చేసిందిగా. ఇంక నేనెందుకు?"

"స్నేహ చొక్కాల బల్ల దగ్గర ఉంటానంది. అక్కడ పని తేలిగ్గా ఉంటుందట, మధ్యలో కాసేపు కూర్చోవచ్చట. జగన్నాథరావు గారు సరేనన్నారు. రోలరు మనదే."

కోటమ్మ డబ్బా వెనక్కి లాక్కుంది. తరువాత గయ్యిమంది. "రాత్రే చెప్పొచ్చుగా! అన్నం ఒక్కరికే వండా!"

"నువ్వు అడిగితే కదా!"

"అడగాలా? నీకు నోరు లేదా?"

మళ్ళీ బియ్యం కడిగే టైము లేదు. డబ్బాలో అన్నాన్నే రెండు భాగాలు చేసి, మీద ఎండు రొయ్యల వేపుడు కొంచెం ఎక్కువ వేసి ఇంకో డబ్బా కట్టారు. ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. కోటమ్మ మోకాలు పట్టుకుని ఎక్కుతుంటే రాధారాణి వెనక నుంచి నడుము పట్టుకుని పైకి నెట్టింది. నెట్టొద్దని ఆవిడ, నెట్టకపోతే ఎక్కలేవని ఈమె. రిసార్టు గేటు దాకా ఆ మాటే సాగింది.

ఆ పొద్దున ఉతుకు నుంచి వచ్చిన మొదటి దుప్పటి పెద్ద గదిది, రోలరు నిండుగా ఉండేంత వెడల్పు. ఇద్దరూ చెరో చివర పట్టుకుని దులిపి సాపు చేశారు. అటునుంచి కోటమ్మ చూసింది, ఇటునుంచి రాధారాణి చూసింది. దుప్పటి తిన్నగా లోపలికి వెళ్ళిపోయింది.