రోగులకు రాసే పేజీ

యుద్ధం రోజుల్లో కాగితానికి కరువొచ్చింది. నరసరావుపేటలో మా వీధి గ్రంథాలయం వాళ్లు ఆడవాళ్ల మాసపత్రికలు రెండిట్లో ఒకటే తెప్పిస్తామని, ఏది ఉంచాలో ఆలోచించి చెప్పమని నాకు కబురు పంపారు. ఆ వంటల పేజీలు నలిగేదాకా చదివేది నేనొక్కదాన్నే మరి.

అప్పటికి మా అత్తయ్య మంచం పట్టి నెల. దుర్గి దగ్గర పల్లె నుంచి వైద్యానికని మా ఇంటికి తీసుకొచ్చాం. ఏదో ఒకటి తినకపోతే మనిషి దక్కదని డాక్టరు తేల్చేశాడు. అందుకే ఏ పేజీ చూసి వండితే ఆవిడ ఎన్ని చెంచాలు మింగిందో, దాన్నిబట్టే ఆ పత్రిక మంచిదో కాదో అనుకునేదాన్ని.

మొదటి పత్రికలో రాసే ఆవిడ బాదంపప్పూ కుంకుమపువ్వూ లేనిదే పొయ్యి వెలిగించదు. ఇక్కడ మాకు రేషను బియ్యంలో రాళ్లేరడానికే పొద్దు చాలదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. రెండోది నయం, రోగులకని వేరే పేజీ వేసేది. సగ్గుబియ్యం జావ, బార్లీ నీళ్లు, వడకట్టిన పెసరకట్టు. అన్నీ చేశాను. అత్తయ్య రెండు చెంచాలు మింగి మొహం తిప్పుకునేది.

ఒక పొద్దున నా చెయ్యి పట్టుకుంది.

"ఏమే, ఇయ్యన్నీ నాకెందుకే. ఇంత జొన్నకూడు వొండి గోంగూర పచ్చడేసి పెట్టు, తింటా."

పెట్టలేదు. జబ్బు మనిషికి జొన్న అరగదని పత్రికలో రాశారు. అదొక్కటే అయితే పోనీ అనుకుందును. పల్లెలో పుట్టినప్పటి నుంచీ మేం తిన్నది జొన్నే అయినా, చుట్టానికీ రోగికీ వరన్నం పెట్టడం మా వైపు మర్యాద. కోడలు బియ్యం తాను తిని అత్తకు జొన్నలు పెడుతోందని చూడవచ్చినవాళ్లు అంటారని భయపడ్డాను. రేపు చూద్దాంలే అత్తయ్యా అన్నాను. అలా ఆరు రోజులు అన్నాను. ఏడో రోజు ఆవిడ లేదు.

నాకు ఏడుపు రాలేదు. జావ గిన్నె తోమి బోర్లించాను. మర్నాటి బియ్యం ఏరుకున్నాను. తప్పు చేశానని తెలుసు, తెలిసినా లోపల ఏమీ కదల్లేదు.

పెద్దదినం నాడు పోయినామెకు ఇష్టమైనవి వండి విస్తట్లో పెట్టాలి. అమ్మ ఏమిష్టంగా తినేదని ఆడబిడ్డ నన్నే అడిగింది, ఆఖరి నెలంతా దగ్గరున్నదాన్ని కదా. పదిమందిలో జొన్నకూడు అనడానికి నోరు రాలేదు. సగ్గుబియ్యం పాయసమన్నాను. పత్రిక చూసి నేనే వండాను. తిన్నవాళ్లందరూ బాగుందన్నారు.

మర్నాడు గ్రంథాలయం పెద్దాయన గుమ్మంలోకొచ్చి, పలకరించి, వెళ్తూ వెళ్తూ ఏ పత్రిక ఉంచమంటావమ్మా అని అడిగాడు.

"రెండోదే ఉంచండి బాబాయ్. రోగులకు బాగా రాస్తారు" అన్నాను.