సంపూర్ణమ్మ పాటలో మూడో లైను

“ఆ ఉపవాసం అన్న మాట మటుకు కొట్టెయ్యండి బాబూ. ఆ రోజు నేను బిర్యానీ తిన్నాను.”

అంత మాట అనేసి సంపూర్ణమ్మగారు వీధి వైపు చూశారు. మిట్టమధ్యాహ్నం, వీధిలో ఎవరూ లేరు. అయినా లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసి, వచ్చి మళ్లీ కూర్చున్నారు.

నా చేతిలో ఉన్నది వాళ్ల చర్చి వందేళ్ల పండుగకి వేస్తున్న పాటల పుస్తకం ప్రూఫు. నరసాపురంలో నాకు చిన్న డీటీపీ షాపుంది. చుట్టుపక్కల ఊళ్లలో జనం సొంతంగా కట్టుకున్న పాటల్ని పోగుచెయ్యడం చాలా ఏళ్లుగా అలవాటు. సంగీతం ఎవరూ నేర్పలేదు, పాడేవాళ్ల ఎదురుగా కూర్చుని వినగా వినగా పట్టుబడిందే. ఈ పుస్తకంలో ప్రతి పాట కిందా అది ఎలా పుట్టిందో రెండు మాటలు వెయ్యాలని పాస్టరుగారి కోరిక. సంపూర్ణమ్మగారి పాట కింద, ఆమె భర్త ఏసుపాదంగారు చెప్పిన ప్రకారం, ఇలా ఉంది: ‘హైదరాబాదు ఆసుపత్రిలో పని చేయుచుండగా, శుక్రవారం ఉపవాస ప్రార్థనలో, తెల్లవారుజామున దేవుడు ఈ పాట అనుగ్రహించెను.’

“ఇందులో ఏది నిజమండి?” అన్నాను.

“శుక్రవారం నిజం. హైదరాబాదు నిజం. మిగతాదంతా మా ఆయన.”

నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు. కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నారు. వేలి కొస తెల్లగా పాలిపోయింది.

“రేపు ప్రెస్సుకి వెళ్లిపోతుందన్నారు కదా. చెబితే ఈ పాట పుస్తకంలో ఉంచరేమోనని భయం. ఆయన తల ఎక్కడ పెట్టుకుంటారోనని భయం. చెప్పకపోతే ఇంకా భయం బాబూ. నేను ఉపవాసం ఉంటే దేవుడు పాటిచ్చాడని నమ్మి, రెండేళ్ల నుంచీ శుక్రవారం శుక్రవారం ఆయన పచ్చి మంచినీళ్లు ముట్టట్లేదు. షుగరు మనిషి. మాత్ర కూడా మానేస్తారు ఆ పూట. పోయిన శుక్రవారం చర్చి మెట్ల మీద పడిపోతే మా పక్కింటి వీరమ్మ పంచదార నీళ్లు పోసి లేపింది. నేను చెయ్యని ఉపవాసం ఆయన చేస్తున్నారు.”

నేను వెళ్లిన రోజూ శుక్రవారమే. ఏసుపాదంగారు పొద్దున్నుంచీ చర్చి దగ్గర రంగుకాగితాలు కట్టిస్తున్నారని అప్పుడు చెప్పారు.

మొగల్తూరు నుంచి సముద్రం వైపు వెళ్తే కాలువగట్టు మీద నలభై గడపల పేట వాళ్లది. ఈ పాట ఆ పేట దాటి చాలా దూరం వెళ్లింది. చేపల వేటకి వెళ్లే ముందు పాడతారు, పురిటికి తీసుకెళ్లే ఆటోలో పాడతారు. వీరమ్మ అయితే తన ఆపరేషను రోజున మత్తు ఎక్కేదాకా పాడుతూనే ఉందట. నాలుగే లైన్లు.

*లోతు తెలియని నీటి మీద*
*నా చెయ్యి విడువకు నాయనా*
*భయమెరిగిన చెయ్యి నీది*
*గట్టిగా నను పట్టుకో*

“మొదటి రెండూ రేవులో వచ్చాయి,” అన్నారు. “నాకు తొమ్మిదేళ్లప్పుడు మా నాన్నతో పంటు మీద సఖినేటిపల్లి వెళ్తున్నాం. నడిగోదాట్లో ఇంజను ఆగిపోయింది. గాలి. పంటు అడ్డం తిరిగి సముద్రం వైపు జారిపోతోంది. ఆడాళ్లంతా ఏడుపు. మా నాన్న ఒక చేత్తో ఇనప కమ్మీ, ఒక చేత్తో నన్నూ పట్టుకుని, ‘ఏం భయం లేదమ్మా, ఏం భయం లేదు’ అంటున్నాడు. అంటూనే ఉన్నాడు గానీ ఆయన చెయ్యి వణికిపోతోంది బాబూ. నా ఎముక నొప్పెట్టింది. ఇంకో పడవ వచ్చి తాడేసి లాగింది. పెద్దయ్యాక ఓసారి అదే రేవులో నిలబడితే ఆ రెండు లైన్లూ వచ్చాయి. అంతే. తర్వాత రాలేదు. పదకొండేళ్లు. ‘నాయనా’ అని రాగంలో కిందికి దిగిపోయేదాన్ని, అక్కడితో ఆగిపోయేది.”

వాళ్లమ్మాయి ఆశాజ్యోతికి హైదరాబాదులో ఉద్యోగమొచ్చింది. ఆడపిల్లని ఒంటరిగా ఉంచడానికి ఏసుపాదంగారు ఒప్పుకోలేదు. తోడు వెళ్లిన సంపూర్ణమ్మగారు, గదిలో ఊరికే ఎందుకు కూర్చోవాలని ఒక ఏజెన్సీలో చేరారు. మొదటి ఎనిమిది నెలలూ నిజంగా ఆసుపత్రే. తర్వాత ఏజెన్సీవాళ్లు తీసుకెళ్లి ఒక పబ్బులో వేశారు. ఆడవాళ్ల బాత్రూముకి కాపలా: నేల తుడవాలి, తడి చేతులకి కాగితం అందించాలి, ఎవరైనా కింద పడితే లేపాలి.

“ఇంటికి చెప్పలేదా?”

“ఎలా చెప్పనండి? చర్చిలో గంట కొట్టే మనిషి పెళ్లాన్ని. పాపకి తెలుసు. ‘చెప్పకమ్మా, నాన్న అన్నం మానేస్తాడు’ అంది. చూడండి, చెప్పకపోయినా మానేశారు.”

ఆ మాట ఆమెకే వింతగా తోచినట్టుంది.

“మొదటి నెలంతా వణుకే. నల్ల ప్యాంటు, నల్ల చొక్కా, నెత్తిన టోపీ. మన ఊరివాళ్లెవరైనా చూస్తారేమోనని తల దించుకునే ఉండేదాన్ని. భీమవరం నుంచి రొయ్యల చెరువుల రాజుగారి పిల్లలు వచ్చేవారు, మాట వినగానే తెలిసిపోయేది. గోడ మీద చెయ్యేస్తే లోపలి డప్పు చేతికి తగిలేది. ఆ భయానికే ఆ రెండు లైన్లూ సన్నగా పాడుకుంటూ ఉండేదాన్ని. ఆ శుక్రవారం స్టాఫుకి బిర్యానీ పెట్టారు. తిని వచ్చి నిలబడ్డాను. ఒక పిల్ల పరిగెత్తుకొచ్చి బేసినులో కక్కేసింది. ఒంటి మీద తళుకుల బట్టలు. తాగిందనుకున్నాను. వాసన లేదు బాబూ, ఉత్త నీళ్లు. అక్కడే నేల మీద చతికిలబడి, ‘తలుపెయ్యమ్మా, పది నిమిషాలు’ అంది. తలుపేస్తే మేనేజరు ఊరుకోడు. నేల తడిగా ఉందని బయట పెట్టే పసుపు బోర్డు ఉంటుంది కదా, అది పెట్టేశాను.”

“ఎవరావిడ?”

“అప్పుడు తెలియదు. లిఫ్టు దగ్గర అంత పెద్ద బొమ్మ వేశారు గానీ, తల దించుకు తిరిగేదాన్ని ఎక్కడ చూస్తాను. విపంచి బాబూ. సినిమాల్లో పాడే విపంచి.”

నేను రాసుకోవడం ఆపి చూశాను. ఆ గొంతు వినని ఇల్లు ఆ జిల్లాలో ఉండదు.

“‘పాడటానికొచ్చానమ్మా, గొంతు రావట్లేదు’ అంది. అల్లం నమలమ్మా అన్నాను, అంత తెలివి నాది. గొంతు కాదు, భయం. అంతకుముందు నెల ఎక్కడో స్టేజీ మీద మాటలు మర్చిపోయిందంట. ఎవరో ఫోనులో తీసి అందరికీ పంపారంట. అప్పట్నుంచీ మైకు చూస్తే కాళ్లలో సత్తువ పోతోందంట. నేను కాగితం ఇస్తే అందుకోలేకపోయింది, చేతులు అంతలా ఆడిపోతున్నాయి. నేనే మొహం తుడిచాను. ‘ఇందాక ఏదో పాడుతున్నావు, అది పాడు’ అంది. నేను పాడటమేంటమ్మా, మీరెక్కడ నేనెక్కడ అంటే, ‘నేనిక్కడే ఉన్నాను కదా, నీ కాళ్ల దగ్గర’ అంది. పాడాను. ‘తర్వాత?’ అంది. లేదమ్మా అన్నాను. ‘ఎందుకు లేదు?’ పంటు సంగతి చెప్పాను. మా నాన్న చెయ్యి వణికిన సంగతి అంతకుముందు ఎవరికీ చెప్పలేదు బాబూ, మా ఆయనకి కూడా. ఆ పిల్లకి చెప్పాను.”

కాలువగట్టు మీద మోటారు సైకిలు చప్పుడు వినిపించింది. ఆమె మాట మింగేశారు. బండి ఆగకుండా వెళ్లిపోయాక గొంతు ఇంకా తగ్గించారు.

“అప్పుడంది: ‘మీ నాన్నకి భయమేసింది కాబట్టే అంత గట్టిగా పట్టుకున్నాడమ్మా. భయమంటే ఏంటో తెలియనివాడికి అంత పట్టు ఎందుకుంటుంది?’ అని, నేను ‘నాయనా’ అని ఎక్కడ దిగిపోతానో సరిగ్గా అక్కడ, ఆ పిల్ల పైకెక్కింది. చిన్నగా. *భయమెరిగిన చెయ్యి నీది.* ఆవిడ మా నాన్న గురించే అంది. నాకు మాత్రం, సిలువ వెయ్యబోయే ముందు రాత్రి ప్రభువు ప్రార్థన చేసిన గెత్సేమనే తోట కళ్ల ముందుకొచ్చింది. చెమట రక్తపు బొట్లలా పడిందని చిన్నప్పట్నుంచీ చదువుతున్నాను కదా, ఆయనకి భయమేసిందని ఏనాడూ తట్టలేదు. బొట్టు పెట్టుకున్న పిల్ల, చర్చి గడప ఎరగని పిల్ల, బాత్రూములో కింద కూర్చుని చెప్పింది. నాలుగో లైను నాదే, అప్పటికప్పుడు నోట్లోంచి వచ్చేసింది. ఇద్దరం చేతులు పట్టుకుని నాలుగుసార్లు పాడుకున్నాం. బయట మేనేజరు తలుపు బాదేస్తున్నాడు. ఆ పిల్ల లేచి, తలుపు దాకా నా చెయ్యి వదల్లేదు.”

“పాడారా ఆవిడ?”

“గోడ అవతల డప్పే వినపడుతుంది, మాటలు వినపడవు. జనం అరుపులు విన్నాను. మెచ్చుకున్నారో, వెక్కిరించారో. ఆ అరుపు రెండింటికీ ఒక్కలాగే ఉంటుంది. నాకిప్పటికీ తెలియదు.”

అమ్మాయి పెళ్లయ్యాక ఆమె ఊరికి వచ్చేశారు. స్త్రీల కూడికలో ఈ పాట పాడితే, మూడో లైను దగ్గర పాస్టరుగారు కళ్లు తుడుచుకున్నారట. ఎలా వచ్చిందమ్మా అని అడిగారు. ఒక శుక్రవారం రాత్రి వచ్చిందండి అన్నారు ఈమె. ప్రార్థనలోనా అన్నారాయన. ఈమె నోరు తెరిచేలోగా పక్కనుంచి ఏసుపాదంగారు, శుక్రవారమండి, దానికి శుక్రవారం ఉపవాసమండి అన్నారు. ఊళ్లో ఉన్నప్పుడు అది నిజమే. ఆమె తల ఊపారు. ఆ ఊపిన తలకి ఇప్పటిదాకా తొమ్మిది చర్చిల్లో సాక్ష్యం చెప్పారు ఏసుపాదంగారు.

తలుపు తోసుకుని ఆయనే లోపలికి వచ్చారు.

సంపూర్ణమ్మగారు చప్పున లేచి నిలబడ్డారు. ఆయన సన్నటి మనిషి, చొక్కా నిండా జిగురు మరకలు. కత్తెర కోసం వచ్చారట.

“బ్రదర్, ఎప్పుడొచ్చారండి. ఏమే సంపూర్ణం, బ్రదర్‌కి వెలుగు సంగతి చెప్పావా?”

“ఏం వెలుగండి?”

“పాట వచ్చేముందు గదిలో వెలుగొచ్చిందన్నావు కదే.”

“నేనెప్పుడన్నానండి?”

“అనకపోతే నాకెలా తెలుస్తుంది? దీనికి తగ్గించుకునే గుణం బ్రదర్. నలుగురిలో మెచ్చుకుంటే వంటింట్లోకి పారిపోద్ది. వెలుగు కూడా వెయ్యండి పుస్తకంలో.”

“కాస్త మజ్జిగైనా తాగండి,” అన్నారామె.

“శుక్రవారం పూట మజ్జిగేంటే, సైతానులాగా.” ఆయన నవ్వి నా పక్కన కూర్చుని, జేబులోంచి చిన్న నోటుబుక్కు తీశారు. “మీరు పాటల మనిషి కాబట్టి చూపిస్తున్నాను. నేనూ తెల్లారగట్ల నాలుగింటికి లేచి కూర్చుంటున్నాను బ్రదర్. దీనికిచ్చినవాడు నాకు ఒక్కటంటే ఒక్కటి ఇవ్వడా?”

పేజీకొక శుక్రవారం తేదీ. తేదీ కింద ఖాళీ. వందకి దగ్గరగా ఉంటాయి పేజీలు. సంపూర్ణమ్మగారు కూడా ఆ పుస్తకం చూడటం అదే మొదటిసారని ఆమె మొహం చూస్తే తెలిసింది.

ఆయన కత్తెర తీసుకుని లేచారు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం గోడ పట్టుకుని నిలబడి, ఏమీ జరగనట్టు మెట్టు దిగి వెళ్లిపోయారు.

ఆమె వెనకే గుమ్మం దాకా వెళ్లి చూసి, వచ్చి కూర్చున్నారు. నాకు జాలేసింది. “‘ఒక శుక్రవారం హైదరాబాదులో వచ్చింది’ అని మాత్రం వేద్దామండి. ఉపవాసం తీసేద్దాం. అబద్ధం ఉండదు, గొడవా ఉండదు,” అన్నాను.

“అప్పుడూ ఇలాగే సగం చెప్పాను బాబూ. మిగతా సగం ఆయన పూరించారు.”

నా పెన్ను అడిగి తీసుకున్నారు. ప్రూఫులో పాట కింద ఉన్న ఆ ఉపవాసం వాక్యం మొత్తం అడ్డంగా కొట్టేసి, కింద పెద్ద పెద్ద అక్షరాలతో రాయడం మొదలుపెట్టారు. గట్టిగా ఒత్తి రాస్తుంటే ఒకచోట కాగితం చిరిగింది. మూడుసార్లు ఆగి వీధి వైపు చూశారు. రాసి నాకిచ్చారు.

‘ఈ పాట సగం నరసాపురం రేవులో వచ్చింది. సగం హైదరాబాదు పబ్బులో, ఆడవాళ్ల బాత్రూములో వచ్చింది. అక్కడ నేను పని చేశాను. మూడో లైను విపంచిగారిది. ఆ రోజు నేను ఉపవాసం లేను.’

“చదివి ఎవరూ పాడకపోతే?” అన్నాను. అనకూడని మాటే, నోరు జారింది.

“ఆ భయం నాకూ ఉంది. ఇది విన్నాక వీరమ్మ నా మొహం చూస్తుందో చూడదో. కానీ వచ్చే శుక్రవారమంటే అంతకంటే భయం.” కాగితాన్ని నా చేతిలోనే నాలుగు మడతలు పెట్టారు. “ముందు ఆయనకి చూపించండి. పాస్టరుగారికి తర్వాత.”

“మీరే చెబితే బాగుంటుందేమోనండి.”

“మూడుసార్లు మొదలుపెట్టాను బాబూ. మధ్యలో ఏడుపొచ్చేస్తుంది. ఆయన నన్ను ఓదార్చడంలో పడిపోయి అసలు సంగతి విననే వినరు. మీరు చదవండి. మెట్ల మీద వద్దు, లోపల బల్ల మీద కూర్చోబెట్టి చదవండి. చదివాక మటుకు ఆయన్ని నడిచి రానివ్వకండి. నడిస్తే దారంతా ఆలోచించుకుంటూ వస్తారు. మీ బండి మీద ఎక్కించుకుని తిన్నగా నా దగ్గరికి తీసుకొచ్చెయ్యండి.”