మోకాలికి వాత, తుంటిలో నొప్పి

పోలీస్ యాక్షన్ రోజుల్లో, చిలకలగూడ మీదుగా విమానాలు పోతున్న మోత విని, మా అమ్మ మిద్దె మీద ఆరేసిన బట్టలు తేబోయి మెట్ల మీంచి జారిపడింది. దవాఖానాకు తీసుకుపోదామంటే వీధిలో బండి లేదు. మోకాలు నొస్తోందని ఏడ్చింది. మా వెనక వీధిలో వాతలు పెట్టే వైద్యుడొకడు ఉండేవాడు. ఎర్రగా కాల్చిన చువ్వతో మోకాలి చుట్టూ మూడు వాతలు పెట్టాడు. ఆమె కదలకుండా కాలు అదిమిపట్టింది నేనే. సభల్లో వాదించడం తర్వాత నేర్చుకున్నాను. వాడి మీద పగ మాత్రం ఆ చర్మం కాలిన వాసనతోనే పట్టుకుంది.

నొప్పి పోలేదు, కర్ర లేనిదే నడవలేకపోయేది. మరుసటి వానాకాలం ఇంకో రెండు వాతలు పెట్టించుకుంది. నేను సంస్కరణ సభల్లో వాణ్ణి కడిగేసేవాణ్ణి. వాడి అరుగు మీద జనం తగ్గలేదు.

ఐదేళ్లకు సికింద్రాబాదులో ఒక కోస్తా క్రైస్తవ డాక్టరమ్మకు చూపించాను. ఆవిడ మోకాలు వంచితే అమ్మ ఊరుకుంది. తొడను పక్కకు తిప్పేసరికి కెవ్వుమంది.

"మామ్మగారూ, నొప్పి మోకాల్లో తెలుస్తోంది గానీ పుట్టేది తుంటిలోనేమో. ఆ కీలులోకి మొద్దుబార్చే మందు ఎక్కిస్తాను. మోకాలి నొప్పి పోయిందంటే దొంగ తుంటిలో ఉన్నట్టే."

"దొంగ ఆడుంటె ఈడెందుకు కాల్చిన్రు తల్లీ?" అంది అమ్మ.

డాక్టరమ్మ ఆ ఐదు మచ్చలూ చూసి, ముందు తుంటికి ఎక్స్‌రే తీయించింది.

ఎక్స్‌రే పటం పక్కన పెట్టుకుని, జానెడు సూదిని గజ్జల దగ్గర మెల్లగా దించింది. పది నిమిషాలకు అమ్మ బల్ల దిగి నాలుగడుగులు వేసింది. "అగో! నొప్పేది?" అని నవ్వింది.

"ఇది పరీక్షేనండీ, వైద్యం ఇంకా కాలేదు" అంది డాక్టరమ్మ నాతో. "గంటకో గంటన్నరకో మందు దిగిపోతుంది. ఇంట్లోనే మెల్లగా నడిపించి, నొప్పి మళ్లీ ఎప్పుడొచ్చిందో రాసి తీసుకురండి. మెట్లెక్కించకండి."

నేను ఇంటికి పోలేదు. రోగం తుంటిదని అందరి ముందూ నిరూపించాలని రిక్షాను నేరుగా ఆ వైద్యుడి అరుగు ముందు ఆపించాను. అమ్మను మెట్లెక్కించాను.

అక్కడే తప్పు చేశాను. నయమైనవాళ్లు కర్ర లేకుండా ఆ మెట్లెక్కి వైద్యుడికి కనిపించిపోవడం అక్కడి ఆచారం. చిన్నప్పటి నుంచీ చూసినదే. పగ నాకు దాన్ని మరిపించింది.

"అగో, పెద్దమ్మ కట్టె లేకుంట ఎక్కొచ్చింది!" అని ఒకామె చేతులు జోడించింది.

"జెర ఆల్శమైంది గని, నా వాత పనిచేసింది" అన్నాడు వాడు. "కొడుకు మీటింగుల్ల నన్ను తిడ్తడు. తల్లి నా మెట్లెక్కింది. సూడున్రి!"

అరుగంతా నవ్వింది.

"వాత గాదు, సూది!" అని అరిచాను. "ఇప్పుడే దవాఖానల తుంటికి పొడిచిన్రు. రోగం మోకాలిల లేనేలేదు. నువ్వు కాల్చిందే తప్పు జాగ!"

"సూది ఇయ్యాల పొడిచిన్రు. నా వాత ఐదేండ్ల సంది లోపట పనిచేస్తున్నది."

అది సభల్లో నెగ్గే వాదంతో తెగే మాట కాదు. మిగిలింది ఒక్కటే రుజువు. "అట్లయితె కూసుందాం. సూది మందు గంటల దిగుతది. నీ వాత మహిమైతె నొప్పి మళ్ల రావొద్దు గద?" అన్నాను. అందరి ముందూ వాడు ఒప్పుకోక తప్పలేదు.

కూర్చున్నాం. అమ్మ పక్కామెతో చింతపండు ధర మాట్లాడుతోంది, ఐదేళ్లలో ఎన్నడూ లేనంత హాయిగా. నేను అమ్మ ముఖమే చూస్తున్నాను. నొప్పి రావాలి, వాడి అరుగు మీదే రావాలి అని కోరుకున్నాను. దాచను.

వచ్చింది. మాట మధ్యలో ఆగిపోయింది, చెయ్యి మోకాలి మీదికి పోయింది.

"సూడున్రి! వాతలు ఐదూ ఆడనే ఉన్నయి. నొప్పి మళ్ల ఎందుకొచ్చింది?" అని అరిచాను.

భార్యకు వాత పెట్టించడానికి తెచ్చిన ఒకాయన ఆమెను లేపి మెట్లు దిగాడు. వెనక ఇంకో ఇద్దరు. వాడు పిలిచినా ఎవరూ తిరిగి చూడలేదు. ఆ క్షణం నాకు ఇప్పటికీ తియ్యగానే ఉంది.

"గెల్చినవా కొడుకా? ఇగ లేపు నన్ను" అంది అమ్మ. లేవలేకపోయింది. ఎత్తుకుని దించాను.

నొప్పి తిరిగొచ్చిన వేళ రాసుకుపోయి డాక్టరమ్మకు ఇచ్చాను. జబ్బు తుంటిదేనని తేలింది. కీలువాపు తగ్గించే కొత్త మందు అదే చోట ఎక్కిస్తానని, కొన్ని నెలలైనా సుఖంగా నడుస్తుందని చెప్పింది.

అమ్మ ఒక షరతు పెట్టింది. "పొడిపించుకుంట తల్లీ. గని నా ఎంట వీడు రావద్దు. పక్కింటామెతోని వస్త."

అట్లాగే పోయింది. ఆ వైద్యుణ్ణి నేను క్షమించలేదు. నన్ను పక్కింటామెకన్నా దూరం పెట్టిన అమ్మను తప్పుపట్టే వాదం కూడా నా దగ్గర లేదు.