ఆరని పాలిష్, బావ తెల్లచొక్కా

నాచారంలో మా వరండాలో నేను టేకుతో సొరుగుల బీరువా చేస్తున్నన్నాళ్లూ మా అక్క మొగుడు నవ్వుతూనే ఉన్నాడు. "మా బామ్మర్ది కట్టెలు పాడుజేస్తుండు" అని చుట్టాలందరికీ చెప్పాడు.

ఈ రోజు నేను చివరి పూత పాలిష్ వేసి చేతులు కడుక్కుంటుంటే, నారపల్లిలో చుట్టాల గృహప్రవేశానికి వెళ్తూ కొత్త తెల్లచొక్కాలో మా ఇంట్లో దిగాడు.

"ఏం బామ్మర్ది, గిది నిలబడుతదా?" అంటూ, ఎప్పటి అలవాటు కొద్దీ వీపు ఆనించి ఒక్క తోపు తోశాడు.

పాలిష్ ఇంకా పచ్చిగా ఉందని చెప్పడానికి నాకు బోలెడంత సమయం ఉంది. చెప్పలేదు.

"అబ్బో, ఊగుతలేదే!" అన్నాడు.

"మస్తు గట్టిగుంది బావా, ఇంకొంచెం ఆనుకో" అన్నాను.

వీపు నిండా మూడు సొరుగులూ అచ్చుపడ్డాయి. చూసుకోకుండా అలాగే బండెక్కి వెళ్లిపోయాడు. నేను ముందువైపు మళ్లీ పాలిష్ వెయ్యాలి, ఈల వేసుకుంటూ వేస్తాను. చెప్పకపోవడం తప్పంటారా? నా పనితనం మాత్రం ఈపాటికి చుట్టాలందరూ చూసే ఉంటారు.